పదకొండో రోజు విస్తరి

బడిలో మీ నాన్న ఏం పని చేస్తాడని అడిగినప్పుడల్లా వంట చేస్తాడని చెప్పేదాన్ని. మా బాపు వంట చేసేవాడు కాదు. తినేవాడు. అదే ఆయన పని.

మనిషి పోయిన పదకొండో రోజున ఆ పోయినవాణ్ణి ఒక బ్రాహ్మణుడి మీదికి పిలిచి, కాళ్లు కడిగి, విస్తరి ముందు కూర్చోబెట్టి, కడుపునిండా పెడతారు. ఆ పూటకి అతనే చచ్చినవాడు. అతన్ని భోక్త అంటారు. ఏటేటా పెట్టే తద్దినాలకి భోక్తలు ఎలాగో దొరుకుతారు. పదకొండో రోజుకి మాత్రం ఎవరూ రారు. పోయినవాడు అప్పటికింకా పెద్దల్లో కలవలేదు. ప్రేతంగా, ఆకలి మీద ఉంటాడు. ఆ ఆకలిని ఒంటి మీదికి తెచ్చుకోవడానికి ఎవరు ఒప్పుకుంటారు? జహీరాబాద్ చుట్టుపక్కల మా బాపు ఒప్పుకునేవాడు.

ఆయన కోహీర్ దగ్గరి ఒక పల్లెలో గుడి పూజారి కొడుకు. మామూలు మాట బాగానే వచ్చేది గానీ మంత్రం దగ్గరికి వచ్చేసరికి నాలుక మడతపడేది. చిన్నప్పుడు మా తాత బెత్తంతో కొట్టినా తిరగలేదట. అందుకని పౌరోహిత్యం అబ్బలేదు. నేను ఏడో తరగతిలో ఉండగా జహీరాబాద్ వచ్చేశాం. ఇక్కడి పెద్ద పంతులు ఒకాయన బాపుని చూసి, "నోరు తెరిచి మంత్రం చెప్పే పని లేదయ్యా, తినాలె, అంతే," అని ఈ పనిలో పెట్టాడు.

పదకొండో రోజు భోజనం చేసి వచ్చినప్పుడు బాపు ఇంట్లోకి వచ్చేవాడు కాదు. పెరట్లో బోరింగు దగ్గర తడిబట్టలతో నిలబడి స్నానం చేసి, వరండాలో చాప మీద కూర్చుని గాయత్రి చేసుకునేవాడు. దానికి మాత్రం నాలుక తడబడేది కాదు, లోపల్లోపలే కదా. మర్నాడంతా పస్తు. ఆ రెండు రోజులూ మేం ఆయన్ని తాకకూడదు. అమ్మ నీళ్ల చెంబు కూడా దూరంగా పెట్టి జరిగేది. కొన్ని నెలల్లో ఇలాంటివి నాలుగైదు వచ్చేవి. అందుకని మా ఇంట్లో బాపుతో కలిసి ఒక వరసలో కూర్చుని తిన్న రోజు నాకు గుర్తులేదు.

ఊళ్లో అందరికీ తెలుసు. పొద్దున్నే బాపు ఎదురైతే కొందరు పక్క సందులోకి తిరిగేవాళ్లు. బడిలో ఒక పిల్ల నా డబ్బాలోంచి పచ్చడి తీసుకోబోయి ఆగి, "గిది చచ్చినోళ్ల ఇంటి నుంచి వచ్చిందా?" అని అడిగింది. అది మా అమ్మ చేసిన అల్లం పచ్చడే. ఆ రోజు నుంచి నేను డబ్బా పట్టుకుపోలేదు.

పదహారేళ్లప్పుడు ఒకసారి బాపు మీద అరిచాను. వరండాలో కూర్చుని ఉన్నాడు, ఇంకా తలలోంచి నీళ్లు కారుతున్నాయి.

"ఇంకేం పని లేదా బాపు నీకు? హోటల్ల బల్లలు తుడిచినా మంచిగుంటది."

ఆయనకి కోపం రాలేదు.

"హోటల్ల తినేటోడు వాని కోసం తింటడు బిడ్డా," అన్నాడు. "నేను గట్ల తినను. ఉప్పు తక్కువైందని చూడ. గారె మంచిగుందని ఇంకోటి అడగ. కడుపుల అగ్ని ఉంటది చూడు, అది దేవుడు. చెయ్యి గరిటె. నెయ్యి పోసినట్టు ఒక్కో ముద్ద ఏసుడే నా పని. పోయినోని ఆకలి చల్లారాలె. చల్లారకుంటే వాడు యాడికి పోతడు?"

"చల్లారిందని నీకెట్ల తెలుస్తది?"

"తెలుస్తది," అన్నాడు. అంతకుమించి చెప్పలేకపోయాడు.

నేను నమ్మలేదు. కానీ ఇంట్లో ఆయన తినే తీరు చూసేదాన్ని. పళ్లెం చుట్టూ నీళ్లు తిప్పి, మొదటి ఐదు ముద్దలూ కళ్లు మూసుకుని, నమలకుండా మింగేవాడు. ఒక్క మెతుకు కిందపడినా ఏరి కళ్లకద్దుకునేవాడు. చద్దన్నంలో మజ్జిగ పోసుకున్నా అదే తంతు. అమ్మ విసుక్కునేది. "జల్ది తినుండ్రి, గిన్నెలు కడగాలె."

అమ్మ పోయాక నేనూ బాపూ మిగిలాం. అమ్మకి పదకొండో రోజు సంగారెడ్డి అవతలి నుంచి ఒకాయన్ని బతిమాలి తెచ్చుకున్నాం. ఆయన సగం తిని లేచిపోయాడు. బాపు ఆ తర్వాత చాలా రోజులు అన్యమనస్కంగా తిరిగాడు. నేను ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చేసి బస్టాండు దగ్గరి ఒక రక్తపరీక్షల ల్యాబులో చేరాను. సంబంధాలు వచ్చాయి, బాపు పని తెలిసి వెనక్కిపోయాయి. కొన్నాళ్లకి రావడం మానేశాయి. నాకు నలభై దాటింది.

బాపు షుగరు నా చేత్తోనే బయటపడింది. ఊరికే చూద్దామని రక్తం తీశాను. రిపోర్టు చూసి డాక్టరు ఆ రోజే మాత్రలు రాశాడు, కొన్నాళ్లకి ఇన్సులిన్ కూడా. విస్తరి భోజనాలు పూర్తిగా మానేయమన్నాడు. బాపు తల ఊపి, మరుసటి వారమే ఝరాసంగం దగ్గర ఎవరో పోతే షేరాటో ఎక్కి వెళ్లొచ్చాడు.

"డాక్టరేం చెప్పిండు నీకు?"

"నేను తింటలేను కదా బిడ్డా. తినేది వాళ్లు."

"మరి చక్కెర నీ రక్తంల ఎందుకుంటది? వాళ్ల రక్తంల ఉండాలె గద!"

ఆ మాటకి ఆయన మొహం చిన్నబుచ్చుకున్నాడు. నేను గెలిచానని అనుకున్నాను. అప్పటి నుంచి ఆయన వెళ్లే ముందూ వచ్చాకా వేలు చాపేవాడు, నేను సూది గుచ్చేదాన్ని. అంతవరకే నా మాట విన్నాడు.

రెండేళ్ల కిందట, ఎండాకాలం మొదట్లో, పెద్ద పంతులు ఫోన్ చేశాడు. ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో పనిచేసే ఇంజినీరొకడు, ఇరవయ్యారేళ్లవాడు, పొద్దున షిఫ్టుకి బండి మీద పోతూ హైవే మీద లారీ కింద పడ్డాడు. గోదావరి జిల్లా వాళ్లు. తండ్రి ఎప్పుడో పోయాడు. తల్లీ కొడుకూ బైపాస్ అవతలి కాలనీలో అద్దెకుండేవాళ్లు. చిన్నాన్న కొడుకొకడు వచ్చి కర్మ చేస్తున్నాడు. పదకొండో రోజు భోక్త కావాలి.

ఆ పొద్దున బాపు షుగరు ఎక్కువగానే ఉంది. వద్దంటే వినలేదు. ఇన్సులిన్ సంచిలో వేసుకుని నేనూ వెంట వెళ్లాను. నేనలా వెళ్లడం అదే మొదలు. ఇంటి బయట మెట్ల మీద కూర్చున్నాను. తలుపు తీసే ఉంది, లోపలి గది కనిపిస్తోంది.

ఆ తల్లి వంట తనే చేసింది. యాభై దాటిన మనిషి, సన్నగా, తెల్లగా, చీర కొంగు నడుముకి గట్టిగా చుట్టుకుని ఉంది. వడ్డన కర్తే చెయ్యాలనీ, తల్లి ముందుకి రాకూడదనీ పంతులు చెప్పాడు. సరేనని లోపలికి పోయింది. బాపు కూర్చున్నాడు. కాళ్లు కడిగారు. ఆ కుర్రాడి పేరూ గోత్రమూ చెప్పి ఆయన మీదికి పిలిచారు. బాపు వీపు నాకు కనిపిస్తోంది. కొంచెం వంగింది. అంతే తేడా.

అరటికాయ కూర, కాకరకాయ, పెసరపప్పు, అల్లం పచ్చడి, గారెలు, పరమాన్నం, నువ్వుండలు. పంతులు చెప్పినవన్నీ వచ్చాయి. బాపు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంటుండగా ఆమె గిన్నె పట్టుకుని బయటికి వచ్చేసింది. గిన్నెలో ఎర్రగా వేయించిన బంగాళాదుంపలు.

"అమ్మా, ఇది పనికిరాదు, ఈ రోజుకి పెట్టకూడదు," అన్నాడు పంతులు.

"వాడికి ఇది లేకపోతే ముద్ద దిగదండీ."

"శాస్త్రం ఒప్పుకోదమ్మా."

భోక్త మాట్లాడకూడదు. బాపు విస్తరిలో అన్నాన్ని ఒక పక్కకి జరిపి చోటు చేశాడు. అక్కడ వెయ్యమని వేలితో చూపించాడు. పంతులు ఊరుకున్నాడు.

ఆ తర్వాత ఆమె లోపలికి పోలేదు. కర్త చేతిలోంచి గరిటె తీసుకుంది.

"మెల్లగా తినరా. డ్యూటీకి టైం ఉంది కదా. ఇంకో రెండు గారెలు. పరమాన్నంలో జీడిపప్పు నీకని ఎక్కువేశాను."

ఆమె వేసిందల్లా బాపు తిన్నాడు. గారెలు పదకొండు వరకు లెక్కపెట్టి, ఆ తర్వాత లెక్కపెట్టడం నావల్ల కాలేదు. పరమాన్నం మూడుసార్లు వేసింది. ఆయన మెడ మీద చెమట పట్టింది. చెయ్యి మాత్రం ఒకే తీరుగా విస్తరికీ నోటికీ మధ్య తిరుగుతోంది. నేను లేచి తలుపు దాకా వెళ్లాను. పంతులు నన్ను చూసి వద్దన్నట్టు తల ఊపాడు.

చివర భోక్తని అడుగుతారు, తృప్తి అయిందా అని. అయిందని ఆయన చెప్తేనే వడ్డన ఆగుతుంది. పంతులు అడిగాడు. బాపు తలెత్తి ఆమె వైపు చూశాడు, ఏమీ చెప్పలేదు. ఆమె ఇంకో నువ్వుండ వేసింది. మళ్లీ అడిగాడు. మళ్లీ చూశాడు.

"ఆ రోజు ఉప్మా చేశానండీ," అంది ఆమె, ఎవరితో చెప్తోందో తెలియకుండా. "లేటయిందని ఒక్క చెంచా తిని వదిలేసి పోయాడు. వాడు ఎప్పుడూ సగం కడుపుతోనే పోయేవాడు."

పంతులు మూడోసారి అడగలేదు. కొంతసేపటికి ఆమె చేతిలో గరిటె గిన్నెలో పెట్టేసింది. అప్పుడు బాపు విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి, "అయింది," అన్నాడు.

పోయినవాడి దారికని గొడుగూ చెప్పులూ ఇస్తారు. ఆమె కొడుకు కొలతకే కొత్త చెప్పులు కొన్నది. బాపు పాదాలకి అవి బిగుతు. అయినా ఆమె చూస్తోందని తొడుక్కుని, వెనక్కి తిరగకుండా మెట్లు దిగాడు. ఆటో పిలుస్తానంటే, "చచ్చినోడు ఆటోల పోతడా," అని ఎండలో నడక మొదలుపెట్టాడు. బైపాస్ దాటి మా సందు దాకా ఆ చెప్పులతోనే వచ్చాడు.

ఇంటికి వచ్చాక షుగరు మీటరులో అంకె రాలేదు. దాని లెక్కకి అందనంత ఎక్కువైతే ఇంగ్లీషులో 'హై' అని చూపిస్తుంది. అదే చూపించింది. మైల పట్టించుకోకుండా చెయ్యి పట్టుకుని ఇన్సులిన్ ఇచ్చాను. నోరు ఎండిపోయి, కడుపు పట్టుకుని, వరండాలో గోడకానుకుని కూర్చున్నాడు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. చెప్పులు విప్పి మూలకి విసిరేశాను గానీ పాదాలు చూడలేదు. షుగరున్న మనిషికి పాదాలు మొద్దుబారతాయనీ, పుండు పడినా తెలియదనీ ల్యాబుకొచ్చే ప్రతి పేషెంటుకీ చెప్పేదాన్ని. మడమ వెనక తోలు లేచిపోయిందని నాలుగో రోజున, నేల మీద తడి మరక చూసి, తెలుసుకున్నాను.

డ్రెస్సింగులు మొదలయ్యాయి. దవాఖానకి రోజు విడిచి రోజు తీసుకుపోయేదాన్ని. పుండు ఒకరోజు ఎండినట్టు కనిపించి మర్నాడు మళ్లీ తడిసేది.

మూడు వారాలైందేమో, ఆదివారం నేను ఇంట్లో ఉండగా ఆమె వచ్చింది. చేతిలో స్టీలు క్యారియరు. మా ఇంటికి అలా ఎవరూ రారు. పదకొండో రోజు భోక్త మొహం మళ్లీ చూడకూడదంటారు.

"మీ నాన్నగారున్నారా అమ్మా?"

బాపు కుంటుకుంటూ వరండాలోకి వచ్చాడు. ఆమెని చూసి నిలబడిపోయాడు.

"పులిహోర చేశాను బాబుగారూ. ఇంట్లో తినేవాళ్లు లేరు."

"అమ్మా, ఆ దినం అయిపోయింది," అన్నాడు బాపు మెల్లగా. "వాడు పోయిండు. నా మీద లేడు."

"తెలుసండీ. నాకు మతి పోలేదు. ఎవరైనా తింటుంటే చూడాలనుంది, అంతే."

బాపు నా వైపు చూశాడు. నేను వద్దన్నట్టు కళ్లతో చెప్పాను. ఆయన అరుగు మీద కూర్చుని క్యారియరు మూత తీశాడు. నాలుగు ముద్దలు తిన్నాడు. ఆమె ఎదురుగా మెట్టు మీద కూర్చుని చూసింది. తర్వాత నీళ్లడిగి తాగి వెళ్లిపోయింది.

ఆ తర్వాత నేను ల్యాబులో ఉండే వేళల్లో రావడం మొదలుపెట్టింది. వంటింట్లో తెలియని పోపు వాసన, బోరింగు గట్టు మీద కరివేపాకు రెబ్బలు చూసి కనిపెట్టేదాన్ని. అడిగితే బాపు ఒప్పుకునేవాడు. "కొంచెమే తిన్న బిడ్డా. ఫికర్ చెయ్యకు." అదే రోజుల్లో షుగరు పైకి పోతోంది. మందు పెంచినా దిగడం లేదు. మడమ నల్లబడింది. నాకు ఒకటే అర్థమైంది, ఈమె క్యారియరు మా బాపుని చంపుతోందని.

ఒక గురువారం ల్యాబులో కరెంటు పోయి మధ్యాహ్నమే ఇంటికొచ్చాను. బాపు జ్వరంతో లోపల పడుకుని ఉన్నాడు. నేను తలుపు దగ్గర ఉండగానే ఆమె గేటు తీసుకుని వచ్చింది. నేను పక్కకి జరగలేదు.

"మీ కొడుకు చచ్చిపోయిండమ్మా," అన్నాను. "మా బాపు ఇంక బతికే ఉన్నడు. కనీసం ఆయన్నన్నా నాకు మిగలనియ్యుండ్రి. రేపటి నుంచి రాకుండ్రి."

ఆమె క్యారియరుని గోడ మీద జాగ్రత్తగా పెట్టింది.

"ఇందులో తీపి లేదమ్మా. నాన్నగారు తనకి షుగరని చెప్పినప్పటి నుంచీ వెయ్యట్లేదు. దొండకాయ కూర, మజ్జిగన్నం. జొన్నలు మరాడించి రొట్టె కూడా నేర్చుకున్నాను, సరిగ్గా రాలేదు."

అని వెళ్లిపోయింది. గేటు గొళ్లెం కూడా పెట్టి వెళ్లింది.

మూత తీసి చూశాను. పైగిన్నెలో మందంగా, అంచులు పగిలిన రెండు జొన్నరొట్టెలు. కిందిగిన్నెలో కూర. ఆ కింద మడిచిన విస్తరాకులు రెండు. ఒకటి కాదు, రెండు.

ఆదివారం దాకా బాపు ఆమె కోసం చూశాడు. అప్పుడు, రావద్దన్నది నేనేనని చెప్పాను. ఆయన మంచం మీద లేచి కూర్చున్నాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

"ఆమె తన కోసం పొయ్యి ముట్టిస్తలేదు బిడ్డా," అన్నాడు. "కొడుకు పోయిన కాన్నుంచి అన్నం దిగుత లేదంట. మీరు తింటేనే నేను తింట అని షరతు పెట్టిన. ఒక ఆకు ఆమెకు, ఒక ఆకు నాకు. నాకు రెండు ముద్దలు, ఆమెకు మిగిలింది. వారంల మూడు రోజులు గట్ల తినేది. మిగిలిన రోజులు ఏం తినేదో."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఎవలతో చెప్పకుండ్రి, సిగ్గయితది అన్నది. పెద్దమనిషి."

షుగరు ఎందుకు పెరిగిందో అప్పుడు తట్టింది. పుండులో చీము పడితే ఏం తినకపోయినా చక్కెర పెరుగుతుంది. ఈ సంగతి నాకు కొత్త కాదు. ఎవరి మీదో కోపం పెట్టుకోవడానికి తిండి సులువుగా దొరికింది, దాన్ని పట్టుకున్నాను.

ఆ సాయంత్రమే ఆమె ఇంటికి పోయాను. తాళం వేసి ఉంది. చిన్నాన్న కొడుకు శనివారం కారు తెచ్చి తీసుకుపోయాడనీ, మనిషి లేవలేని స్థితిలో ఉందనీ ఇంటి ఓనరు భార్య చెప్పింది. ఆ అబ్బాయి నంబరు ఆమె దగ్గరే తీసుకున్నాను. ఫోన్ చెయ్యడానికి నాకు ధైర్యం రాలేదు. ఇంతలో బాపు జ్వరం ఎక్కువైంది. సంగారెడ్డి దవాఖానలో చూసి, విషం పైకి పాకుతోంది, మోకాలి కింద నుంచి కాలు తీసెయ్యాలన్నారు. సంతకం పెట్టాను.

కాలు తీసిన మూడో రోజు ఆయనకి పూర్తిగా తెలివొచ్చింది. దుప్పటి కింద చూసుకుని కళ్లు మూసుకున్నాడు. కొంతసేపటికి, "ఆమె ఎట్లుందో కనుక్కున్నవా?" అని అడిగాడు.

ఆ అబ్బాయికి ఫోన్ చేశాను. రాజమండ్రిలో ఆసుపత్రిలో ఉంచారట. గ్లూకోజు ఎక్కిస్తున్నారు, నోటితో ఏదీ పుచ్చుకోవడం లేదు. "పెద్దమ్మకి పెట్టి పెట్టి విసిగిపోయామండీ," అన్నాడు. అతను చెడ్డవాడు కాదు, అలసిపోయి ఉన్నాడు. బాపు మాట్లాడతానంటున్నాడని చెప్పాను. వీడియో కాల్ చేశాడు.

తెరలో ఆమె మొహం చూసి గుర్తుపట్టలేదు. బుగ్గలు లోపలికి పోయాయి. అప్పుడే బాపుకి మధ్యాహ్నం పళ్లెం వచ్చింది, రెండు చపాతీలూ పప్పూ. నేను ఫోన్ పట్టుకున్నాను.

"అమ్మా, జూడుండ్రి, నాకు పప్పు పెట్టిన్రు," అన్నాడు బాపు. "ఉప్పు లేదు, కారం లేదు. మీ దగ్గర ఏమున్నది?"

ఆమె పెదవులు కదిలాయి. పక్క నుంచి ఆ అబ్బాయి, "మజ్జిగన్నం ఉందండీ," అన్నాడు.

"తెప్పియ్యుండ్రి. నేను ఒక ముద్ద తింట, మీరొకటి తినుండ్రి. మన షరతు గదే గద."

బాపు పళ్లెం చుట్టూ నీళ్లు తిప్పాడు. చేతికి సెలైన్ సూది ఉంది, అయినా తిప్పాడు. ముక్క తుంచి నోట్లో పెట్టుకుని ఎదురుచూశాడు. అవతల చెంచా ఆమె నోటి దగ్గరికి పోయింది. చాలాసేపు నోట్లోనే ఉంచుకుంది. మింగింది. బాపు రెండో ముక్క తుంచాడు. ఆ రోజు ఆమె ఐదు చెంచాలు తిన్నది. పక్క మంచం వాళ్లు వింతగా చూస్తున్నారు. నేను ఫోన్‌ని రెండు చేతులతో పట్టుకున్నాను, తెర కదలకుండా.

రెండో రోజు నాలుగు చెంచాలు. ఆ రోజు నేను ఫోన్‌లో మొహం పెట్టి, తప్పయిపోయిందమ్మా అన్నాను. ఆమె నన్ను చూసింది. "రొట్టె విరిగిపోతోందమ్మా," అంది, చాలా నీరసంగా. "వేడినీళ్లతో కలపాలా?"

"అవునమ్మా, ఎసరు నీళ్లతో. బాగా మర్దించాలె."

"అదీ సంగతి," అంది.

మూడో రోజు రెండే తిన్నది. నాలుగో రోజు నోరు తెరవలేదు, బాపు తింటుంటే చూస్తూ ఉంది. ఐదో రోజు ఎన్నిసార్లు చేసినా ఫోన్ ఎత్తలేదు. సాయంత్రం నాకు మెసేజి వచ్చింది, పొద్దున పోయిందని.

నా మాట లేకపోయినా ఆమె పోయేదేమో. డాక్టర్లు చాలా కారణాలు చెప్పారట. నేను ల్యాబులో పనిచేసేదాన్ని, ఆ కారణాలన్నీ నాకు అర్థమవుతాయి. అయినా గోడ మీద క్యారియరు పెట్టి, గేటు గొళ్లెం వేసి పోయిన ఆ మనిషి వీపు నాకు రోజూ కనిపిస్తుంది.

బాపు ఇంటికొచ్చాక పెద్ద పంతులు చూడ్డానికి వచ్చాడు. దూరంగా కుర్చీ వేసుకున్నాడు. చాలాసేపు ఎండల గురించి మాట్లాడి, చివరికి, "అంగహీనుడు భోక్తకు పనికిరాడంటది శాస్త్రం, నీకు తెలుసు కదయ్యా," అన్నాడు. బాపు తెలుసన్నాడు. ఆయన పళ్లెంలో నాలుగు బత్తాయిలు పెట్టి వెళ్లిపోయాడు. ఆ తర్వాత మా ఇంటికి ఫోన్ రాలేదు. ఇప్పుడు పదకొండో రోజు అన్నం అగ్నిలో వేస్తున్నారనీ, ఆవుకి పెడుతున్నారనీ వింటుంటాం.

నేను డాక్టరు చెప్పిన కొలత ప్రకారం బాపుకి రెండు జొన్నరొట్టెలు, కూర, గ్లాసు మజ్జిగ పెట్టేదాన్ని. ఆయన పళ్లెం ముందు కూర్చుని, చెయ్యి కదపకుండా ఉండిపోయేవాడు.

"తిను బాపు. చల్లారుతది."

"ఎవల కోసం తినాలె?" అనేవాడు. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే తెలియక అడిగేవాడు. "ఇన్నేండ్లు ఎవలో ఒకలు ఉండిరి. నా కోసం తినుడు నాకు రాదు బిడ్డా."

"నా కోసం తిను."

"నువ్వు బతికే ఉన్నవు గద."

అందుకని నా పళ్లెం కూడా తెచ్చుకుని ఆయన ఎదురుగా నేల మీద కూర్చోవడం మొదలుపెట్టాను. నేనొక ముక్క తింటే ఆయనొకటి. అలా పూట గడిచేది.

ఆమె పోయిన పదకొండో రోజు, బాపు ఇంటికొచ్చిన వారంలోనే వచ్చింది. ఆయనకి గుర్తుంది. నాకూ గుర్తుంది. మధ్యాహ్నం భోజనం ముందు, "రాజమండ్రికి ఫోన్ చెయ్యి," అన్నాడు. "ఆమె కోసం ఎవలు కూచున్నరో అడుగు. మనిషి దొరికిండో లేదో."

ఫోన్ తీసుకుని పెరట్లోకి పోయాను. ఆ అబ్బాయి నంబరు మీద వేలు పెట్టి నిలబడ్డాను. దొరకలేదని చెప్తే ఈయనతో ఏమని చెప్పాలి? అగ్నిలో వేశామంటే? నేను ఫోన్ చెయ్యలేదు. బోరింగు దగ్గర కొంతసేపు ఉండి లోపలికి వచ్చాను.

"దొరికిండంట బాపు. ముసలాయన, మంచివాడంట."

"నిండ తిన్నడా?"

"తిన్నడంట."

"మజ్జిగన్నం పెట్టిన్రా? దొండకాయ?"

"పెట్టిన్రంట. అన్నీ పెట్టిన్రు."

ఆయన నా మొహంలోకి చూశాడు. నేను పళ్లెం వైపు చూశాను. నమ్మాడో లేదో ఇప్పటికీ తెలియదు. చెంబులోంచి నీళ్లు తీసుకుని పళ్లెం చుట్టూ తిప్పాడు, రొట్టె తుంచి కళ్లు మూసుకుని నోట్లో పెట్టుకున్నాడు. నేనూ ఒక ముక్క తుంచాను. అది గొంతు దిగడానికి రెండు గుక్కల నీళ్లు పట్టాయి.